బొక్క

ఇరవై రెండేండ్ల సంది
ఎంజీఎంల కట్లు కడుతున్న.
సుద్దపట్టీ నీళ్ల ముంచితే బుడగలు వస్తయి.
బుడగలు ఆగినంకనే పిండాలె.
ముందు పిండితే నడుమ పొడి మిగులుతది,
ఆలస్యమైతే బకెట్లనే రాయి.
ఇది ఎవలూ నేర్పలె,
వేళ్లకే తెలిసింది.

మొన్న పర్వతగిరి దిక్కునుంచి
పులి సారంగాన్ని తెచ్చిండ్రు, ఆటోల అడ్డంగ పండబెట్టి.
తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు.
మోకు తెగింది. ముత్తాదు ఇంకా నడుముకే ఉన్నది.
మోకాలి కింద కాలు రెండయ్యి
పాదం ఒక దిక్కు చూస్తున్నది, ఆయన ఒక దిక్కు.

"ఆ చెట్టుకు బొక్క లేదు సారూ,"
నేను కాలు గుంజుతుంటే పండ్లు బిగబట్టి అన్నడు.
"చేవంత అంచుకే, నడుమంత పొట్టు.
కోసినోళ్లు దూలానికి చెక్కుకునేది అంచునే.
అయినా మా తాతను మోసింది, నాయినను మోసింది.
నాకు రెండొందల బొక్కలున్నయంటరు గద,
ఒక్క రాయికి ఆగలె."

మాట్లాడనిచ్చిన.
మాట్లాడేటప్పుడు కండ వదులైతది,
విరిగింది దాని జాగలకు అదే వస్తది.

సుద్ద గట్టిపడేటప్పుడు వేడెక్కుతది.
అందరు భయపడ్తరు.
ఆయన అన్నడు: "ఎండకు పెట్టిన లొట్టి లెక్కున్నది."

సారంగం, ఆరు వారాలు నువ్వు ఎండ్రికాయవు.
లోపటిది విరిగింది గనుక బయట ఒకటి తొడిగిన.
ఎండ్రికాయ పెరగాలంటే పెంకు ఇడవాలె,
ఇడిచిన పూట అది ఉత్త మెత్తటి ముద్ద.
కొంగ చూస్తే అయిపాయె.
పొలంగట్టు బొక్కల నక్కి ఉంటది,
కొత్త పెంకు బిగిసేదాక.
మా దిక్కు ఎముకా బొక్కనే, తొర్రా బొక్కనే.
రెండిట్ల ఒకటన్న లేకుంటే
ఏ పాణమూ నిలబడదు.

తలుపు కాడ ఆయన భార్య, ఉప్పలవ్వ.
పొద్దటి సంది ఏమీ ముట్టలేదట.
లక్ష్మీపురం మార్కెట్ల పగటీలి
పుంటికూర కట్టలు తలలేసి పడుకుంటయి గద,
అమ్మేటామె తడిగోనె కప్పుతది,
గంటకల్ల లేచి కూసుంటయి.
ఆకుకు నీళ్లే బొక్క.
వానపాముకు సుత అంతే,
ఒంట్లె నీళ్లు బిగబట్టుకొని
మన్ను తొలుచుకుంట పోతది.
సీసా ఇచ్చిన. రెండు గుక్కలు తాగింది.
మెడ లేసింది.
కేసు షీట్ల అది రాయడానికి జాగ లేదు.

ఆరు వారాలకు మళ్ల వచ్చిండ్రు.
రంపం మొత్తుకుంట తిరిగింది,
పెంకు రెండు చిప్పలైంది.
లోపల కాలు, కందికట్టె లెక్క,
పాలిపోయి, పొట్టు రాలుకుంట.
గాలి తగలని చెట్టు బలువదు,
బరువు పడని బొక్క సుత కరుగుతది.
ఆగినందుకు కట్టే సుంకం అది.

లేసి నిలబడ్డడు.
బీరతీగ పందిరి కోసం గాలిల తడిమినట్టు
చెయ్యి అటిటు ఆడింది,
నా భుజం దొరికినంక చుట్టుకున్నది.
వేళ్లు మోకు పట్టిన వేళ్లే,
కొనలకాడ కాయలు గట్టి, గట్టిగ.
రెండడుగులు ఏసిండు. మూడోది నేను లెక్కపెట్టలె.

"ఎప్పుడెక్కచ్చు సారూ?"
ఉప్పలవ్వ నా మొకం దిక్కు చూసింది.
నేను రంపం తుడుచుకుంట ఉన్న.
"ముందు నడువు," అన్న.
"గీయకపోతే గెల ఎండుతది," అన్నడు.
ఆయనకు నేను చెప్పింది వినబడలేదు,
నాకు ఆయన అడిగింది వినబడ్డది.

చిప్పలు చెత్తల ఎయ్యబోతుంటే
ఆమె అడిగి తీస్కున్నది.
ఎందుకని అడగలె.
సంచిల, మందుల చిట్టీల మీద
బోర్లిచ్చి పెట్టుకున్నది.

నా నడుము గుంజుతున్నది.
వంగి కట్టుడే గద, ఇన్నేండ్లు.
స్టూలు జరుపుకొని కూసున్న.
ఇంకో పట్టీ నీళ్ల ముంచిన,
బుడగలు ఆగేదాక
చూస్తున్న.